ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు: సైటు బుకింగ్ నుంచి టెంటు ఆరబెట్టేదాకా

ఏప్రిల్ మూడో వారాంతంలో మూడు కుటుంబాలం కలిసి టెక్సస్‌లోని ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో టెంట్లు వేసుకుని ఉండి వచ్చాం. సైటు, అంటే టెంటు వేసుకునే జాగా, ఎలా దొరుకుతుంది, చిన్నపిల్లలతో కుదురుతుందా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా, వంట సంగతేంటి అని డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఇందులో కష్టమైన పనులు రెండే. ఒకటి, ఐదు నెలల ముందు సైటు పట్టుకోవడం. రెండోది, చేరిన రోజు పొద్దు గుంకేలోపు టెంటు గట్టిగా నిలబెట్టడం. ఈ రెండూ కుదిరితే మిగతావన్నీ ఎలాగోలా సర్దుకుంటాయి.

ఇంత దూరం వెళ్ళి ఈ సరస్సే ఎందుకంటే, నీళ్ళు. టెక్సస్ కొలరాడో నది మీద వరసగా ఆరు జలాశయాలున్నాయి. వాటిలో బుకానన్, ట్రావిస్ నీళ్ళు నిలవ చేసేవి. వానల్లేని ఏడాది అవి దిగిపోయి, ఒడ్డు నుంచి నీటి దాకా బురద, రాళ్ళు దాటుకుంటూ నడవాల్సి వస్తుంది. 1938లో ఆనకట్ట పూర్తయిన ఇంక్స్ లేక్ అలాంటిది కాదు, పైనుంచి వచ్చిన నీటిని కిందికి దాటించేది. అందుకని ఇక్కడ మట్టం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఐదు నెలల ముందు బుక్ చేసేటప్పుడు, మనం వెళ్ళేసరికి చెరువు ఉంటుందా అన్న బెంగ అక్కర్లేదు.

నవంబర్: సైటు వేట

టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకి ఐదు నెలల ముందు నుంచీ బుక్ చేసుకోవచ్చు. ఏప్రిల్ మూడో శుక్రవారానికి సైటు కావాలంటే నవంబర్ మూడో వారంలో కంప్యూటర్ ముందు కూర్చోవాలి. వసంతంలో వారాంతాలు, స్ప్రింగ్ బ్రేక్ బడి సెలవులు, అక్టోబర్, నవంబర్ నెలల శని ఆదివారాలు ముందుగా అయిపోతాయి. వాటిలోనూ నీటి అంచున ఉన్న సైట్లు మొట్టమొదట పోతాయి. సోమవారం నుంచి గురువారం దాకా అయితే ఇంత పోటీ ఉండదు. సెలవు పెట్టగలిగినవాళ్ళు ఆ రోజులు చూసుకోవడం మంచిది.

ఒక్కో సైటులో ఎనిమిది మంది దాకా ఉండొచ్చు. మేం పెద్దా చిన్నా కలిపి పన్నెండు మందిమి కాబట్టి లెక్క ప్రకారం రెండు సైట్లు చాలు. కానీ మూడు పెద్ద టెంట్లు రెండు సైట్లలో పట్టవు. ఈ పార్కులో నేల చాలాచోట్ల పలచటి మట్టి, దాని కింద రాయి. సైటు చూడ్డానికి విశాలంగా ఉన్నా టెంటు వేయదగ్గ చదును చోటు ఒకటో రెండో ఉంటుంది. బళ్ళు కూడా సైటుకి రెండు మించితే ఇరుకే. అందుకే మూడు సైట్లు తీసుకున్నాం.

పక్కపక్కన మూడు దొరకవు. ముందే అనుకుని దిగాలి. మొదటిరోజు రెండు దొరికాయి, మధ్యలో ఒకటి వేరేవాళ్ళది. మూడోది నీటికి దూరంగా, రోడ్డుకి అవతల తీసుకుని ఉంచాం. తర్వాత వారానికి రెండు మూడు సార్లు చూస్తూ వచ్చాం. ఐదు నెలల ముందు ఆశగా బుక్ చేసినవాళ్ళు దగ్గర పడ్డాక రద్దు చేసుకుంటారు. వాన కబురు వస్తే ఇంకా ఎక్కువమంది. మార్చి నెలాఖరులో ఆ మధ్య సైటు ఖాళీ అయింది, వెంటనే తీసుకుని దూరంగా ఉన్నది వదిలేశాం. రద్దుకి కొంత కోత పడుతుంది, అది ముందే మనసులో వేసుకోండి. దొరకలేదని ఊరుకోకుండా ఇలా చూస్తూ ఉంటే చాలామందికి చివర్లో దొరుకుతుంది.

మ్యాపులో సైటు ఎంచుకునేటప్పుడు అందరూ నీటికి ఎంత దగ్గరా అని చూస్తారు. నేను మొదట చూసేది బాత్రూముకి ఎంత దూరమా అని. అర్ధరాత్రి పిల్లల్నో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళనో టార్చి పట్టుకుని నడిపించాల్సిన దూరం అదే. మరీ ఎదురుగా ఉంటే మాత్రం రాత్రంతా తలుపుల చప్పుడు, లైటు వెలుగు. రెండు మూడు సైట్ల అవతల ఉన్నది సరైన దూరం. తర్వాత నీడ. ఏప్రిల్‌లోనే మధ్యాహ్నం ఎండ మండిపోతుంది, సాయంత్రం పడమటి ఎండ నేరుగా టెంటు మీద పడితే రాత్రి పదైనా లోపల కూర్చోలేం. ఆ తర్వాతే నీళ్ళు.

కరెంటు ఉన్న సైటు, కుళాయి మాత్రమే ఉన్న సైటు అని ముఖ్యంగా రెండు రకాలు. కరెంటుది రాత్రికి కొద్ది డాలర్లు ఎక్కువ. మనలాగా అన్నం వండుకునేవాళ్ళకి ఆ తేడా లెక్కలోది కాదు. ఎందుకో కింద చెప్తాను.

ఖర్చు సంగతి

సైటు అద్దె కట్టేశాం కదా, అయిపోయింది అనుకుంటారు. కాదు. ప్రవేశ రుసుము వేరే ఉంటుంది. ఇంక్స్ లేక్‌లో పెద్దవాళ్ళకి తలకి రోజుకి 7 డాలర్లు, పన్నెండేళ్ళ దాకా పిల్లలకి ఉచితం. నలుగురు పెద్దవాళ్ళు రెండు రాత్రులుంటే అదే 56 డాలర్లు. ఏడాదికి చెల్లే స్టేట్ పార్క్స్ పాస్ తీసుకుంటే, ఆ పాస్ ఉన్నవాళ్ళతో అదే బండిలో వచ్చిన అందరికీ ప్రవేశం ఉచితం. నలుగురు పెద్దవాళ్ళున్న బండికి ఏడాదిలో ఇంకొన్ని రోజులు స్టేట్ పార్కులకి వెళ్తే పాస్ గిట్టుబాటే. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండే ఇళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఒక్కటే గుర్తుంచుకోవాలి, పాస్ బండికి వర్తిస్తుంది, గుంపు మొత్తానికి కాదు. మూడు బళ్ళలో వెళ్తే మూడు పాసులు కావాలి, లేదా మిగతా రెండు బళ్ళవాళ్ళు తలకింత కట్టాలి.

వీటిమీద కట్టెలు, ఐసు, పడవ అద్దె, పెట్రోలు. సామాను ఉన్న కుటుంబానికి రెండు రాత్రులూ మామూలు మోటల్లో ఒక్క రాత్రి అయ్యే ఖర్చులో గడుస్తాయి. సామాను లేనివాళ్ళకి మొదటిసారి మాత్రం టెంటు, పరుపులు, స్టవ్, ఐసు పెట్టెతో జేబు బరువు తగ్గుతుంది. టెంటు తప్ప మిగతావి తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి, ఎవరి గరాజులోనైనా మూలన పడే ఉంటాయి.

వెళ్ళే ముందు వారం

బుధవారం నాడు రెండు చూసుకోవాలి: వాతావరణం, బర్న్ బ్యాన్. పార్కు ఉన్నది బర్నెట్ కౌంటీలో. గడ్డి ఎండిపోయినప్పుడు కౌంటీ మంటలు నిషేధిస్తుంది. అప్పుడు కట్టెల మంట, బొగ్గుల పొయ్యి రెండూ కుదరవు. తిప్పగానే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌కి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అందుకని భోజనాలన్నీ మంట మీదే అని పెట్టుకోకూడదు. మాకు నిషేధం లేదు.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్ళొద్దు, పార్కు దుకాణంలోనో బర్నెట్ ఊళ్ళోనో కొనండి. అక్కడ పడి ఉన్న ఎండుపుల్లలు ఏరుకోవడానికీ వీల్లేదు. డబ్బుల కోసం పెట్టిన రూలు కాదు ఇది. మధ్య టెక్సస్‌లో ఓక్ విల్ట్ అనే తెగులు ఓక్ చెట్లని తోపులకి తోపులుగా చంపుతోంది. తెగులు సోకిన కట్టె మీది బూజుని చిన్న పురుగులు మోసుకెళ్ళి ఆరోగ్యంగా ఉన్న చెట్టు గాయాల్లో అంటిస్తాయి. పార్కులో మనకి నీడనిచ్చేవి ఆ ఓక్ చెట్లే. దయచేసి ఈ ఒక్క విషయంలో సర్దుబాట్లు వద్దు.

ఐసు పెట్టె గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, తిండి పాడయ్యేది అక్కడే కాబట్టి. గరాజులో వేడెక్కి ఉన్న పెట్టెలో ఐసు పోస్తే సగం ఐసు పెట్టెని చల్లబరచడానికే కరిగిపోతుంది. ముందురోజు రాత్రి పెట్టెని ఇంట్లోకి తెచ్చి, పాత ఐసో చన్నీళ్ళో పోసి ఉంచి, పొద్దున పారబోసి అప్పుడు సర్దాలి. చిన్న ముక్కల ఐసు కంటే పెద్ద గడ్డ చాలాసేపు ఉంటుంది. గాలన్ డబ్బాల్లో నీళ్ళు గడ్డ కట్టించి అడుగున పెట్టాం. అవి కరిగాక తాగడానికీ పనికొచ్చాయి. సాంబారు, రాజ్మా జిప్ కవర్లలో పలకల్లా గడ్డ కట్టించాం. శనివారం రాత్రి దాకా అవే ఐసుగా పనిచేశాయి. కూల్‌డ్రింకులకి వేరే పెట్టె ఉండాలి. పిల్లలు పావుగంటకోసారి మూత తీస్తారు, పెరుగూ పాలూ ఆ పెట్టెలో ఉంటే శనివారం మధ్యాహ్నానికే పులుస్తాయి.

ఇడ్లీ పిండి, దోసె పిండి తీసుకెళ్ళేవాళ్ళు డబ్బాలో సగానికే పోయండి. ఐసు పక్కన ఉంది కదా పొంగదులే అనుకుంటారు గానీ, నాలుగు గంటల ప్రయాణంలో ఊగుతూ, అక్కడ మూత తీస్తూ పెడుతూ ఉంటే పొంగుతుంది. పొంగిన పిండి ఐసు నీళ్ళలో కలిస్తే పెట్టెలో ఉన్న ప్రతి వస్తువునీ కడగాల్సిందే. శుక్రవారం రాత్రికి ఇంట్లోనే చింతపండు పులిహోర కలుపుకుపోవడం అన్నిటికంటే సుఖం. చేరిన రోజు వంట పెట్టుకోకండి.

శుక్రవారం: చేరడం, టెంటు వేయడం

సైట్లోకి వెళ్ళేది మధ్యాహ్నం 2 తర్వాత, ఖాళీ చేసేది తిరిగి వెళ్ళేరోజు మధ్యాహ్నం 12కి. డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి పొద్దున పదిన్నరకి బయల్దేరాం. లాంపసస్ దాటి 281 మీద బర్నెట్, అక్కడ ఐసు, కట్టెలు కొనుక్కుని హైవే 29 మీద పడమటికి తొమ్మిది మైళ్ళు, ఆపైన ఎడమకి పార్క్ రోడ్ 4. ఆఫీసు ముందు బళ్ళ వరసలో దాదాపు అరగంట. శుక్రవారం సాయంత్రం ఐదు తర్వాత వచ్చినవాళ్ళకి ఇది ఇంకా పెరుగుతుంది. బుకింగ్ ఎవరి పేరుమీద ఉందో వాళ్ళ గుర్తింపు కార్డు, బండి నంబర్లు సిద్ధంగా ఉంచుకోండి. బండికి తగిలించే కాగితం ఇస్తారు. ఆఫీసు మూసేశాక చేరేలా ఉంటే ముందుగానే ఫోన్ చేసి, కాగితం ఎక్కడ తీసుకోవాలి, రాత్రి గేటు సంగతేంటి అని అడిగి పెట్టుకోవాలి.

సైటుకి చేరేసరికి మూడు. ఏప్రిల్ నడుమ అక్కడ సూర్యాస్తమయం ఎనిమిది ప్రాంతంలో. టైము బోలెడుందనిపిస్తుంది, పిల్లలు నీళ్ళవైపు లాగుతుంటారు. నీళ్ళు ఎక్కడికీ పోవు, టెంటే ముందు.

మొదట పైకి చూడాలి. ఎండిన కొమ్మ వేలాడుతుంటే దాని కింద వద్దు. తర్వాత కిందికి చూడాలి. ఎర్రచీమల పుట్టలు మట్టి గుల్లగా, కాస్త ఉబ్బి ఉంటాయి, తొక్కేదాకా తెలీదు. ఆ తర్వాత గడ్డి. ఇక్కడి గడ్డిలో మన పల్లేరుకాయల లాంటి ముళ్ళ గింజలుంటాయి. టెంటు అడుగున పడితే గాలి పరుపుకి చిల్లు. చీపురు తీసుకెళ్ళి ఆ చోటంతా శుభ్రంగా ఊడ్చాం. చీపురు ఎవరి లిస్టులోనూ ఉండదు. నా మటుకు సుత్తి తర్వాత అంత పనికొచ్చిన వస్తువు అదే.

టెంటు కింద బరకం పరుస్తారు కదా. ఆ బరకం అంచు టెంటు అంచు దాటి ఒక్క అంగుళం కూడా బయటికి రాకూడదు. వస్తే వాన నీళ్ళు టెంటు గోడ మీంచి జారి బరకం మీద పడి, నేరుగా మన వీపు కిందికి చేరతాయి. పెద్దదైతే అంచుని లోపలికి మడిచేయాలి, మడత నేలవైపు ఉండాలి.

టెంటుతోపాటు వచ్చే సన్నటి మేకులు ఇక్కడ పనికిరావు. రెండంగుళాలు దిగగానే రాయి తగిలి వంగిపోతాయి. పది, పన్నెండు అంగుళాల ఇనప మేకులు, ఒకటిన్నర కిలో సుత్తి తీసుకెళ్ళాం. అయినా కొన్నిచోట్ల దిగలేదు. అలాంటిచోట మొండిగా కొట్టకూడదు. అరడుగు పక్కకి జరిపి మళ్ళీ ప్రయత్నించాలి, ఎక్కడో ఒకచోట రాళ్ళ మధ్య సందు దొరుకుతుంది. మేకు తల టెంటుకి దూరంగా వాలేలా, ఏటవాలుగా దించాలి. నిటారుగా కొట్టిన మేకుని గాలి లాగేస్తుంది.

వసంతంలో ఇక్కడ మామూలుగా ఆగ్నేయం నుంచి గాలి. కానీ చల్లగాలి తెర వచ్చిందంటే ఒక్కసారిగా ఉత్తరం నుంచి కొడుతుంది, భయపెట్టేది అదే. అందుకని టెంటు వెడల్పు వైపు ఉత్తరానికి పెట్టకూడదు, సన్నటి వైపు పెట్టాలి. ఇంకో మాట. ఆకాశం నీలంగా ఉంది కదా అని పైకప్పు గుడ్డ, పక్క తాళ్ళు కట్టకుండా వదిలేస్తుంటారు. మొదటి సాయంత్రమే అన్ని తాళ్ళూ కట్టి, పైగుడ్డ లోపలి గుడ్డకి ఎక్కడా తగలకుండా బిగించాలి. తగిలినచోట వాన అక్కర్లేదు, మన ఊపిరి తేమే తెల్లారేసరికి బొట్లు బొట్లుగా కారుతుంది.

టెంటు కొనేటప్పుడు పెట్టె మీద ఆరుగురికి అని రాసుంటే నలుగురికి అని చదువుకోండి. ఆరుగురు అంటే ఒకరి భుజం ఒకరికి ఆనుకుని, బ్యాగులన్నీ బయట పెట్టి పడుకుంటే అని అర్థం.

ముగ్గురు పెద్దవాళ్ళు మూడు టెంట్లు వేసేసరికి ఐదున్నర దాటింది.

వంట

కరెంటు సైటులో ఒక స్తంభం, దానికి పెద్ద క్యాంపర్ బళ్ళకి పనికొచ్చే 30 ఆంపుల సాకెట్, మామూలు ప్లగ్గు పట్టే 20 ఆంపులది ఉంటాయి. స్తంభం బండి ఆపే చోటు పక్కన ఉంటుంది, వంట బల్ల ఇంకోచోట. 50 అడుగుల బయటి వాడకం తీగ లేకపోతే కరెంటు ఉన్నా లేనట్టే.

ఇక్కడ లెక్క తెలియాలి. 20 ఆంపులు, 120 వోల్టులు అంటే 2,400 వాట్లు. ఇండక్షన్ పొయ్యి పూర్తిగా పెడితే 1,800. దానికి తోడు 700 వాట్ల రైస్ కుక్కర్ పెడితే 2,500 అయి, కాసేపటికి కరెంటు పోతుంది. వేడినీళ్ళ కెటిల్ ఒక్కటే 1,500. కాబట్టి అన్నం కుక్కర్లో ఉడుకుతున్నప్పుడు ఇండక్షన్ జోలికి పోకుండా కూరలు గ్యాస్ మీద వండాం. మా పక్క టెంటు అక్క "అన్నయ్యా, మీ కెటిల్ ఓ పది నిమిషాలు ఆపండి, నా అన్నం సగంలో ఉంది" అని రెండుసార్లు కేకేయాల్సి వచ్చింది. ఇంకోటి, రెండు తీగలు కలిపే చోటు నేలమీద మంచుకి తడిసినా రక్షణ స్విచ్ కొట్టేస్తుంది. ఆ ముడిని కుర్చీ మీదో బల్ల కిందో పైకి ఉంచాలి.

గ్యాస్ ఎంత కావాలి? చిన్న ఆకుపచ్చ ప్రొపేన్ డబ్బా ఒక పౌను, అందులో సుమారు 21,600 బీటీయూల వేడి ఉంటుంది. ఒక్కోటి 10,000 చొప్పున రెండు బర్నర్లూ పూర్తి మంట మీద పెడితే గంటలో ఖాళీ. పన్నెండు మందికి ఒక పూట కూర, చారు, తిరగమోత, టీ అంటే అరగంట నుంచి ముప్పావుగంట మంట. చెరువు గాలి తగిలితే ఇంకా ఎక్కువ, స్టవ్‌కి గాలి అడ్డు రేకులు లేకపోతే ఉప్మా నీళ్ళు మరగడానికే పదిహేను నిమిషాలు. డబ్బాకి రెండు పూటలు అని వేసుకుని, ఒకటి అదనంగా తీసుకెళ్ళండి. ఖాళీ డబ్బా మంటలో వేయడం మాత్రం చచ్చినా చేయకూడదు.

గిన్నెలు కుళాయి కింద తోమకూడదు. ఒక్క గుప్పెడు అన్నం మెతుకులు పడితే చాలు, మర్నాడు పొద్దున ఆ కుళాయి చుట్టూ ఎర్రచీమల బారు. రెండు టబ్బులు పెట్టుకుని, ముందు కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తలో వేసి, తర్వాత తోమాలి. మురికినీళ్ళు ఎక్కడ పోయాలో ఆఫీసులోనే అడిగి తెలుసుకున్నాం.

శుక్రవారం రాత్రి

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. మంట చుట్టూ అంత్యాక్షరి మంచి పనే, పదికి ఆపేయాలి. పార్కులో బయట మందు తాగడం టెక్సస్ స్టేట్ పార్కుల్లో నిషేధం. పేపర్ గ్లాసులో పోసుకున్నా అదే రూలు.

పదకొండు దాటాక రకూన్లు అనే రాత్రిపూట తిరిగే జంతువులు వస్తాయి. ఇక్కడి రకూన్లకి మనుషులంటే భయం లేదు, జిప్పులు తీయడం, ఐసు పెట్టె మూతలు ఎత్తడం వచ్చు. మేం తినేవన్నీ, చెత్త సంచీతో సహా, బండిలో పెట్టి తాళం వేశాం. బల్ల మీద మిగిలిన ఖాళీ పచ్చడి డబ్బా మూత మీద తెల్లారి చూస్తే చిన్నపిల్లల అరచేతుల్లా ఐదేసి వేళ్ళ బురద ముద్రలున్నాయి. టూత్‌పేస్టు, పిల్లల జేబుల్లో చాక్లెట్ కాగితాలు కూడా వాటికి తిండే. టెంటులో తినేది ఏదీ ఉంచొద్దు.

చలి గురించి. మధ్యాహ్నం 85 ఫారెన్‌హీట్ ఉన్నచోట తెల్లవారుజామున 55 అయింది. గాలి పరుపు మీద పడుకున్నవాళ్ళకి పైన రెండు దుప్పట్లున్నా కింది నుంచి చలి కొట్టింది, పరుపులోని గాలి నేల చలిని అలాగే పైకి తెస్తుంది. పరుపు మీద ఒక మందపాటి బొంతో నురుగు చాపో పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. మా నాన్నగారికి, మా మిత్రుడి అత్తగారికి మడత మంచాలు వేశాం. డెబ్భై ఏళ్ళవాళ్ళని నేలమీద పరుపు నుంచి లేవమనకూడదు. మోకాలి ఎత్తు మంచం, దాని మీద బొంత, టెంటు తలుపు దగ్గర చోటు, తలగడ పక్కన టార్చి. ఇవి ఉంటే పెద్దవాళ్ళని నిశ్చింతగా తీసుకెళ్ళొచ్చు. ఇద్దరూ మాకంటే ముందే లేచి, స్వెట్టర్లు వేసుకుని చెరువు గట్టున తిరుగుతున్నారు.

శనివారం: నీళ్ళు

స్నానాల గది దగ్గర ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా రద్దీ. ఆరున్నరకి వెళ్తే ఎవరూ ఉండరు. చెప్పులు వేసుకునే స్నానం చేయండి.

ఈత కొట్టేచోట లైఫ్‌గార్డులు ఉండరు. ఈ మాట అక్కడ బోర్డు మీద ఉంటుంది గానీ, ఇంట్లో బయల్దేరే ముందే అందరం అనుకోవాల్సింది: ఏ గంటకి ఎవరు పిల్లల్ని చూస్తారు. పదిమంది పెద్దవాళ్ళు ఒడ్డున ఉంటే ఎవరూ చూడనట్టే. మేం అరగంటకొకరు చొప్పున వంతులు వేసుకున్నాం, వంతులో ఉన్నవాళ్ళు ఫోన్ ముట్టరు. పడవలో పదమూడేళ్ళ లోపు పిల్లలకి లైఫ్ జాకెట్ టెక్సస్ చట్టం ప్రకారం తప్పనిసరి, కయాక్‌కీ అదే. ఈత రాని పెద్దవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం, మనకీ అది వేసుకోవడంలో నామోషీ లేదు.

డెవిల్స్ వాటర్‌హోల్ అనే మడుగు ఈ పార్కులో అందరూ చూడాలనుకునే చోటు. గులాబీ రంగు రాళ్ళు, నూరు కోట్ల ఏళ్ళు దాటిన, నైస్ (gneiss) అనే రకం రాయి. దానిమీంచి కుర్రాళ్ళు నీళ్ళలోకి దూకుతుంటారు. కాలిబాటన వెళ్ళొచ్చు, కయాక్‌లోనూ వెళ్ళొచ్చు. కయాకులు పార్కు దుకాణంలో అద్దెకిస్తారు, శనివారం పది దాటితే ఖాళీ ఉండవు, తెరవగానే వెళ్ళాలి. మడుగు అంచున రాళ్ళ మీద నాచు పట్టి జారుతుంది, నీటిలో వేసుకునే బూట్లు ఉంటే మేలు. మా గుంపులో దూకుతామన్న పిల్లలతో ముందు కిందినుంచి ఈదించి లోతు చూపించాం. చూశాక ఇద్దరు మానుకున్నారు, ఎవరూ బలవంతపెట్టలేదు.

గాలం వేయాలనుకునేవాళ్ళకి ఒక మంచి సంగతి: స్టేట్ పార్కు ఒడ్డు నుంచి చేపలు పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. సొంత కయాక్ తెచ్చుకున్నవాళ్ళు చెరువు వదిలేముందు అందులో నీళ్ళన్నీ వంపేయాలి. ఒక చెరువులోని జీబ్రా ఆల్చిప్పలు ఇంకో చెరువుకి పాకకుండా ఉండటానికి పెట్టిన చట్టం అది.

శనివారం రాత్రి: గాలివాన

మధ్యాహ్నం నాలుగుకే ఫోన్లో హెచ్చరిక వచ్చింది, తొమ్మిది తర్వాత ఉరుములతో వాన అని. సిగ్నల్ మా సైటులో ఒక గీత మాత్రమే. దుకాణం దగ్గరికి నడిచి రాడార్ బొమ్మ చూసుకుని వచ్చాం. ఈ ప్రాంతంలో వానని తేలిగ్గా తీసుకోకూడదు. పలచటి మట్టి, కింద రాయి కావడంతో నీరు ఇంకదు, వాగుల్లో ఒక్కసారిగా లేస్తుంది. 2018 అక్టోబరులో ఇక్కడికి దగ్గర్లోనే కింగ్స్‌లాండ్ దగ్గర ల్యానో నది వరదకి రోడ్డు వంతెన కూలిపోయింది. దారిలో నీళ్ళు పారుతుంటే బండి దింపకూడదు, అంతే.

ఏడుకే భోజనాలు ముగించి, కుర్చీలు, మడత నీడ గొడుగు దించి బండికింద పెట్టాం. ఆ నాలుగు కాళ్ళ గొడుగు గాలికి మొదట లేచేది, లేచి పక్కవాళ్ళ టెంటు మీద పడేది అదే. తాళ్ళన్నీ మళ్ళీ బిగించాం. తీగలు పీకేశాం. తొమ్మిదిన్నరకి ఆగ్నేయపు గాలి ఆగిపోయి, పది నిమిషాల్లో ఉత్తరం నుంచి కొట్టడం మొదలైంది. ఉరుము వినపడగానే అందరం బళ్ళలోకి వెళ్ళాం, పెద్దవాళ్ళని, పిల్లల్ని ముందు. టెంటు పిడుగు నుంచి ఏమాత్రం కాపాడదు. అద్దాలు మూసిన బండి కాపాడుతుంది. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి గానీ దిగకూడదు. చిన్నది ఏడ్చింది, మా అమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని కథ చెప్తూ కూర్చుంది. మొత్తం గంటన్నర బండిలో.

తిరిగి వచ్చి చూస్తే మూడు టెంట్లూ నిలబడే ఉన్నాయి, ఒకదానికి ఉత్తరం వైపు ఒక మేకు ఊడింది. అవతలి సైటులో బరకం బయటికి పరిచిన టెంటులో పరుపులు తేలుతున్నాయి. ఆ జంటకి మా దగ్గరున్న పొడి దుప్పట్లు రెండు ఇచ్చాం. వాళ్ళు వానలో వేడి కోసం బొగ్గుల పొయ్యి టెంటు వసారాలోకి తెచ్చుకోబోయారు, వద్దని చెప్పి ఆపాం. ఎర్రగా కనిపించకపోయినా బొగ్గు గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గ్యాస్ స్టవ్ అయినా టెంటు లోపల వద్దు.

వాన ఆగక పొద్దున్న కూడా కొనసాగితే పార్క్ రోడ్ 4 మీదే లాంగ్‌హార్న్ కావెర్న్ గుహ ఉంది, లోపల ఏడాది పొడుగునా 68 ఫారెన్‌హీట్ ప్రాంతంలో ఉంటుంది. గైడు వెంట వెళ్ళే టూరుకి టికెట్టు ముందే తీసుకోవాలి. మాకు ఆ అవసరం రాలేదు, ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది.

ఆదివారం: సర్దుకోవడం

12 గంటలకి ఖాళీ చేయాలంటే తొమ్మిదిన్నరకి మొదలుపెట్టాలి. తడిసిన పైగుడ్డని టెంటుతో కలిపి మడవకుండా పెద్ద చెత్త సంచీలో విడిగా వేయండి. మేకులు లెక్కపెట్టి తీయండి, గడ్డిలో మిగిలిపోయిన ఇనప మేకు తర్వాత వచ్చిన పిల్లల కాళ్ళకి గుచ్చుకుంటుంది. వాన తర్వాత చీమలు కొత్త పుట్టలు పెడతాయి. బరకం ఎత్తేముందు అంచులు కర్రతో కదిపి చూడండి. మంట గుంటలో నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేత్తో తాకితే చల్లగా ఉన్నప్పుడే వదలాలి.

ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా టెంటు ఆ సాయంత్రమో మర్నాడో విప్పి ఆరబెట్టాలి. తడితో వారం సంచీలో ఉంటే బూజు పట్టి నల్లమచ్చలు వస్తాయి, లోపలి పూత జిగురుగా ఊడొస్తుంది, ఆ వాసన ఇక పోదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు బాల్కనీ కటకటాల మీద ఒక వైపు, డైనింగ్ కుర్చీల మీద ఇంకో వైపు వేసి ఫ్యాన్ పెడితే ఒక రాత్రిలో ఆరుతుంది. కుట్ల దగ్గర చేత్తో తడిమి చూడండి, తేమ చివరిదాకా ఉండేది అక్కడే. సాక్సులకీ ప్యాంటు అంచులకీ పట్టిన ముళ్ళ గింజలు వాషింగ్ మెషిన్‌లో వేయకముందే దువ్వెనతో తీసేయాలి, లేకపోతే అవి తువ్వాళ్ళలోకి చేరి నెలపాటు గుచ్చుకుంటాయి. అక్టోబర్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళకి బుకింగ్ మేలో తెరుచుకుంటుంది.